మెడ చాచి చదవాల్సిన పని లేదు

ఏ ఆఫీసులోనైనా మధ్యాహ్నం మూడు దాటాక ఒకసారి లేచి చుట్టూ చూడండి. కొత్త మానిటర్లు వచ్చిన వరుసలో సగం మంది కుర్చీ అంచుకు జరిగి, గడ్డం ముందుకు పెట్టి, కళ్లు చికిలించి పని చేస్తుంటారు. ఏమైందని అడిగితే "అక్షరాలు చిన్నగా ఉన్నాయి, అలవాటైపోయింది లెండి" అంటారు. నెలల తరబడి అలాగే నెట్టుకొస్తారు కూడా. సర్దుకుపోవడం మనకు ఉగ్గుపాలతో పట్టిన గుణం. ఇంట్లో, బస్సులో, పక్కింటి వాళ్లతో ఉమ్మడి గోడ దగ్గర దాని వల్ల మేలే జరుగుతుంది. తెర ముందు కూర్చున్నప్పుడు మాత్రం సర్దుకుపోయేది మీ మెడ. పాత తెర కంటే రెండింతలు డబ్బు పోసి కొన్న తెర ముందు అంతకంటే ఎక్కువ అవస్థ పడుతున్నామంటే ఎక్కడో ఏదో సెట్టింగు తప్పిందన్నమాట. దాన్ని వెతికి సరిచేయడానికి ఒక సాయంత్రం చాలు.

అక్షరాలు చిన్నగా ఉన్నాయనగానే చాలామంది చేసే మొదటి పని రిజల్యూషన్ తగ్గించడం. అది మాత్రం చేయకండి. 4కే తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం 82,94,400 పిక్సెళ్లుంటాయి. దాన్ని 1920×1080కి దించితే అందులో నాలుగో వంతు తెరకు సరిపడా బొమ్మే మిగులుతుంది. 4కే కోసం కట్టిన డబ్బు అక్కడితో గోవిందా. 2560×1440కి దించితే ఇంకా ఘోరం. అప్పుడు బొమ్మలోని ఒక్కో చుక్కను తెర మీది ఒకటిన్నర చుక్కల్లో ఇమడ్చాలి. సగం చుక్క అనేది తెర మీద ఉండదు కాబట్టి ప్రతి అక్షరం అంచూ పక్క చుక్కలోకి అలుక్కుపోతుంది. రిజల్యూషన్ దగ్గర రికమెండెడ్ అని ఉన్నదాన్ని అలాగే వదిలేయండి. మార్చాల్సింది దాని పక్కనే ఉండే స్కేల్.

ఈ తలనొప్పి ఎక్కడ మొదలైందో తెలిస్తే మందు వేయడం సులువవుతుంది. 1984లో వచ్చిన మొదటి మెకింటోష్ తెరలో అంగుళానికి 72 పిక్సెళ్లుండేవి. అచ్చు పనిలో కూడా అంగుళానికి 72 పాయింట్లే. తెర మీద కనిపించే సైజూ కాగితం మీద వచ్చే సైజూ ఒకటే కావాలని ఆ లెక్క పెట్టుకున్నారు. విండోస్ వాళ్లు ఇంకోలా ఆలోచించారు. కాగితాన్ని చేతిలో పట్టుకుంటాం, తెర అంతకంటే దూరంగా ఉంటుంది కాబట్టి అక్షరం మూడో వంతు పెద్దగా ఉండాలని 96 అనే అంకె పెట్టుకున్నారు. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్ల పాటు విండోస్ ప్రోగ్రామర్లలో చాలామంది తెర అంటే అంగుళానికి 96 అనే నమ్మకంతోనే ప్రోగ్రాములు రాశారు.

విండోస్‌లో మామూలు ఓకే బటన్‌నే తీసుకోండి. దాని కొలత 75 పిక్సెళ్ల వెడల్పు, 23 పిక్సెళ్ల ఎత్తు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద దాని వెడల్పు దాదాపు రెండు సెంటీమీటర్లు. అవే 75 పిక్సెళ్లు 27 అంగుళాల 4కే మీద 12 మిల్లీమీటర్ల లోపే ఉంటాయి. 15.6 అంగుళాల 4కే ల్యాప్‌టాప్ మీద ఏడు మిల్లీమీటర్లు కూడా రావు. మౌస్‌తో దాన్ని పట్టుకోవడమే ఒక విద్య. పోనీ ఇలాంటి తెరలు నిన్నగాక మొన్న వచ్చాయా అంటే, అదీ కాదు. ఐబీఎం 2001లోనే టీ220 అని 22.2 అంగుళాల మానిటర్ తెచ్చింది. అందులో 3840×2400 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 204. తెరలు చేసేవాళ్లు అప్పటికే అక్కడికి చేరుకున్నారు. ప్రోగ్రాములు రాసేవాళ్లు నింపాదిగా బయల్దేరారు, కొందరు ఇంకా దారిలోనే ఉన్నారు.

మీ తెర సంగతి తేల్చుకోవడానికి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. 4కే తెర అయితే 4406ని, 2560×1440 అయితే 2937ని, ఫుల్ హెచ్‌డీ అయితే 2203ని తెర అంగుళాలతో భాగించండి. వచ్చింది అంగుళానికి పిక్సెళ్ల లెక్క. 27 అంగుళాల 4కేకి 163, 32 అంగుళాల 4కేకి 138, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి 92 వస్తాయి. చాలామందికి తట్టని సంగతేమిటంటే, 14 అంగుళాల మామూలు ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌కి కూడా 157 వస్తుంది. అంటే 4కే కొనకపోయినా ఈ గొడవ మీ ఒళ్లో ఎప్పటి నుంచో ఉంది. ఇలా వచ్చిన అంకెను 96తో భాగిస్తే స్కేల్ ఎంత దగ్గర మొదలుపెట్టాలో తెలుస్తుంది. 163ని భాగిస్తే 1.7, అంటే 170 శాతం. విండోస్‌లో 150, 175 ఉంటాయి. కళ్లు బాగున్నవాళ్లు 150, చత్వారం వచ్చినవాళ్లు 175 పెట్టుకుంటే సరిపోతుంది. ల్యాప్‌టాప్‌ని దగ్గర నుంచి చూస్తాం కాబట్టి లెక్కలో వచ్చినదానికి ఒక మెట్టు తగ్గించినా ఇబ్బంది లేదు.

డెస్క్‌టాప్ ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే స్కేల్ అక్కడే ఉంటుంది. దాని లోపల కస్టమ్ స్కేలింగ్ అని మనకు నచ్చిన అంకె వేసుకునే గడి ఒకటుంది. దాని జోలికి పోకండి. అందులో 137 అని వేస్తే అది ఉన్న తెరలన్నిటికీ ఒకేసారి వర్తిస్తుంది, బాగున్న ప్రోగ్రాములు కూడా పాడవుతాయి. స్కేల్ మార్చాక ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రండి. చాలా ప్రోగ్రాములు తెర లెక్కను లాగిన్ అయినప్పుడు ఒక్కసారే అడిగి తెలుసుకుంటాయి. మధ్యలో మార్చిన సంగతి వాటికి తెలియదు. "మార్చాను గానీ ఏమీ బాగుపడలేదు" అని విసుక్కునేవాళ్లలో చాలామంది వదిలేసేది ఈ ఒక్క మెట్టే.

స్కేల్ ఎంత ఉండాలో తేల్చుకునేటప్పుడు ఇంగ్లీషు మెనూలను చూసి సరే అనుకోకండి. విండోస్ మామూలుగా వాడే 9 పాయింట్ల అక్షరానికి 100 శాతం దగ్గర దక్కేది 12 పిక్సెళ్లు. ఇంగ్లీషు ఆ 12లో హాయిగా బతికేస్తుంది. మనకేమో ఆ పన్నెండులోనే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు పట్టాలి. ర, ఠల మధ్య తేడా కడుపులోని ఒక చుక్క. ద, ధల మధ్య తేడా కింద చిన్న గీత. పన్నెండు పిక్సెళ్లలో ఆ చుక్కకు ఒకే ఒక్క పిక్సెల్ దొరుకుతుంది, అదీ బూడిద రంగులో. అందుకే రోజూ చదివే తెలుగు పేజీ ఒకటి తెరిచి, వెనక్కి ఆనుకుని కూర్చుని, రాష్ట్రం అన్న మాటలో ట ఒత్తు, ర ఒత్తు విడివిడిగా కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపించకపోతే స్కేల్ ఒక మెట్టు పెంచండి. ఇంట్లో నాన్నగారి కంప్యూటర్ అయితే యాక్సెసిబిలిటీలో టెక్స్ట్ సైజ్ అని ఇంకో పట్టీ ఉంటుంది. అది బటన్లను, బొమ్మలను కదపకుండా అక్షరాలను మాత్రం 225 శాతం దాకా పెంచుతుంది.

మాట వినని ప్రోగ్రాములు

ఇంతవరకు చేస్తే బ్రౌజర్లు, కొత్త ఆఫీస్ ప్రోగ్రాములు, వాట్సాప్ లాంటివి దారికి వస్తాయి. మిగిలే మొండి ఘటాలు రెండు రకాలు. ఒక రకం తెర మీద చీమల్లా కనిపిస్తాయి, కానీ అంచులు సూదిలా ఉంటాయి. రెండో రకం సైజు సరిగ్గానే ఉంటుంది, కానీ అంతా మసక. రెండింటినీ కలిపి "సరిగ్గా కనపడటం లేదు" అంటే ఏ సపోర్టు కుర్రాడూ ఏమీ చేయలేడు. ఎందుకంటే ఆ రెండు జబ్బులకు కారణాలు పూర్తిగా ఎదురెదురు.

మసకగా కనిపించే ప్రోగ్రాముకు స్కేలింగ్ అంటే ఏమిటో తెలియదు. అది 96 లెక్కనే బొమ్మ గీసి ఇస్తుంది. 2007లో జనంలోకి వచ్చిన విస్టా నుంచి విండోస్ అలాంటి బొమ్మను తానే తీసుకుని, పాస్‌పోర్టు ఫొటోను ఫ్లెక్సీకి సాగదీసినట్టు సాగదీసి చూపిస్తోంది. చీమల్లా కనిపించే ప్రోగ్రాము కథ వేరు. "నాకు స్కేలింగ్ తెలుసు, నువ్వు తలదూర్చకు" అని అది విండోస్‌కు ముందే చెప్పేస్తుంది, తీరా చూస్తే ఏమీ చేయదు. దాని మాట నమ్మి విండోస్ పక్కకు తప్పుకుంటుంది. ఫొటోషాప్ సీఎస్6 వాడినవాళ్లకు ఆ చిట్టి ఐకాన్లు గుర్తుండే ఉంటాయి. జావా 8 మీద నడిచే పాత ప్రోగ్రాములదీ ఇదే వరస. 2017లో వచ్చిన జావా 9 నుంచి విండోస్‌లో, లినక్స్‌లో ఈ స్కేలింగ్ సదుపాయం ఉంది. కాబట్టి జావా ప్రోగ్రాము చిన్నగా కనిపిస్తుంటే అది ఏ జావాతో నడుస్తోందో ముందు కనుక్కోండి.

ఇక మందు సంగతి. ప్రోగ్రాము ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో కంపాటిబిలిటీ, కింద ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్ అన్న బటన్. తెరుచుకున్న పెట్టెలో అన్నిటికంటే కింద ఓవర్‌రైడ్ అన్న చోట టిక్ పెడితే మూడు ఎంపికలు వస్తాయి. పేర్లు పెట్టినవాళ్లను ఏమనాలో తెలియదు గానీ, వాటిని చూసి ఏది ఏం చేస్తుందో ఊహించడం ఎవరి తరమూ కాదు. అప్లికేషన్ అంటే విండోస్ సాగదీయడం మానేస్తుంది, ప్రోగ్రాము ఎలా గీస్తే అలాగే చూపిస్తుంది. మసక జబ్బుకు మొదట వాడాల్సింది ఇది. మసక పోతుంది, కానీ ఆ ప్రోగ్రాముకు నిజంగానే ఏమీ తెలియకపోతే చీమల్లా మారుతుంది. సిస్టమ్ అంటే దీనికి పూర్తి వ్యతిరేకం. ప్రోగ్రాము ఏం చెప్పినా పట్టించుకోకుండా విండోస్ సాగదీసి చూపిస్తుంది. చీమల జబ్బుకు ఇది పనిచేస్తుంది, కాకపోతే కాస్త మసక వస్తుంది. చదవలేనంత చిన్న అక్షరం కంటే కాస్త మసక అక్షరమే నయం అని నా అభిప్రాయం. మూడోది సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్, 2017 నాటి విండోస్ 10తో వచ్చింది. సైజు పెంచేటప్పుడు అక్షరాలను మళ్లీ కొత్తగా గీయడానికి ప్రయత్నిస్తుంది. పాత పద్ధతిలో రాసిన అకౌంటింగ్, బిల్లింగ్ ప్రోగ్రాములు కొన్ని దీంతో అద్దంలా మెరుస్తాయి, కొన్నిట్లో అక్షరాలు గడుల్లోంచి బయటికి పొర్లుతాయి. ముందుగా చెప్పడం కష్టం. ఒకటి పెట్టి, ప్రోగ్రామును పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి చూడటమే.

ఏ ప్రోగ్రాము ఏ రకమో అనుమానంగా ఉంటే టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ తెరిచి, పైన పట్టీ మీద రైట్ క్లిక్ చేసి, డీపీఐ అవేర్‌నెస్ అనే కాలమ్ చేర్చుకోండి. అన్‌అవేర్ అని ఉంటే ఏమీ తెలియనిది. సిస్టమ్ అని ఉంటే లాగిన్ అయినప్పటి ముఖ్య తెర లెక్క ఒక్కటే తెలిసినది. పర్ మానిటర్ అని ఉంటే ఏ తెర మీదికి పోతే ఆ లెక్కకు మారగలిగేది.

ఈ ముక్క రెండు తెరల దగ్గర బాగా పనికొస్తుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల బల్ల మీద ఉండేది సాధారణంగా 150 శాతంలో ఉన్న 14 అంగుళాల ల్యాప్‌టాప్, దాని పక్కన 100 శాతంలో ఉన్న 24 అంగుళాల మానిటర్. విండోను ఇందులోంచి అందులోకి లాగగానే అది మసకబారితే, అది సిస్టమ్ రకం ప్రోగ్రాము అన్నమాట. రోజంతా దాన్ని వాడే తెరనే ముఖ్య తెరగా పెట్టి, సైన్ అవుట్ చేసి వస్తే కుదుటపడుతుంది. తెరకో స్కేల్ పెట్టుకునే వీలు విండోస్‌లో 2013 నాటి 8.1తో వచ్చింది కాబట్టి, అంతకుముందు రాసి మళ్లీ ముట్టుకోని ప్రోగ్రాములకు ఈ రెండు తెరల గొడవ తెలియకపోవడంలో వింత లేదు. మౌస్ ఒక తెర అంచు దగ్గర గోడ తగిలినట్టు ఆగిపోతుంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రెండు తెరల గడులనూ మౌస్‌తో లాగి, అంచులు కలిసేలా జరపండి.

విదేశంలోని సర్వర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లి పనిచేసేవాళ్లకు అవతల పాత విండోస్ ఉంటే అక్కడి తెర చిట్టిగా కనిపిస్తుంది. ఆ విండో ఎడమ పై మూలన ఉన్న ఐకాన్ నొక్కితే స్మార్ట్ సైజింగ్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేసి కనెక్షన్‌ను తక్కువ రిజల్యూషన్‌తో తెరవండి. ఇంకోటి, మీటింగులో 4కే తెరను మొత్తంగా షేర్ చేస్తే అవతల చిన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లకు ఒక్క అక్షరం కూడా కనపడదు. మర్యాదకు ఎవరూ చెప్పరు. ఒక్క విండోనే షేర్ చేసి, కంట్రోల్ నొక్కి ప్లస్ రెండుసార్లు కొట్టండి.

కొన్ని ప్రోగ్రాములకు ఏ మందూ పనిచేయదు. తెలుగు నాట పెళ్లి కార్డులు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు చేసే డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్ ఇంకా నడుస్తోంది. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. స్కేలింగ్ నాకు తెలుసు అని విండోస్‌కు చెప్పుకునే పద్ధతి విస్టాతో వచ్చింది కాబట్టి, పాపం దానికి ఆ మాట చెప్పే అవకాశమే లేదు. విజయవాడలో అలాంటి షాపు ఒకదానిలో 27 అంగుళాల 4కే తెచ్చిపెట్టిన రోజున ఆపరేటర్ అమ్మాయి మొహం వాడిపోయింది. "సార్, ఒత్తులన్నీ అలుక్కుపోతున్నాయి. కార్డు కూడా ఇలాగే వస్తే పెళ్లివాళ్లు ఊరుకోరు" అంది. "ముందు ఒక ప్రూఫ్ తియ్యమ్మా, చూద్దాం" అన్నాడు ఓనరు. లేజర్ ప్రింటర్ నుంచి వచ్చిన కాగితం మీద శుభలేఖ ఎప్పటిలాగే గీత గీసినట్టు ఉంది. తెరకు స్కేలింగ్ ఎంత పెట్టినా ప్రింటుకు దానితో సంబంధం లేదు. ప్రింటర్‌కు వెళ్లేది తెర మీది బొమ్మ కాదు, ఫాంటులోని అక్షర రూపం. దాన్ని ప్రింటర్ తన రిజల్యూషన్‌లో గీసుకుంటుంది.

భయం తీరింది గానీ రోజుకు ఎనిమిది గంటలు మసక చూడటం మాటేమిటి? కంపాటిబిలిటీలో అప్లికేషన్ పెడితే పేజీ స్ఫుటంగా వచ్చింది, కానీ టూల్‌బాక్సులోని బాణం గుర్తు మినప గింజంత అయింది. ఎన్‌హాన్స్‌డ్‌తో పెద్ద తేడా రాలేదు. చివరికి మూలన పెట్టిన పాత 22 అంగుళాల మానిటర్‌ను మళ్లీ తీసి, 100 శాతం స్కేల్‌తో కొత్తదాని పక్కన పెట్టారు. పేజ్‌మేకర్ దాని మీద, ఫొటోలు దిద్దే పని, కస్టమర్‌కు చూపించే పీడీఎఫ్ 4కే మీద. 96 లెక్క తప్ప ఇంకేమీ తెలియని ప్రోగ్రాముకు 100 శాతంలో ఉన్న తెర మీద సాగదీయడం అనే బెడదే ఉండదు. మీ ఇంట్లోనూ పాత మానిటర్ ఉంటే ఎక్స్‌ఛేంజ్‌లో పడేయకుండా కొన్నాళ్లు ఉంచుకోండి.

స్కేలింగ్ కాని తప్పులు

స్కేల్ అంతా సరిగ్గా ఉన్నా అక్షరాల చుట్టూ ఎరుపు, నీలం నీడలు కనిపిస్తుంటే, మౌస్ జిగురులో ఈదుతున్నట్టు కదులుతుంటే కేబుల్‌ను అనుమానించండి. హెచ్‌డీఎంఐ 1.4 దారిలో 4కే సెకనుకు 30 సార్లే మారుతుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లే పోర్ట్ 1.2 గానీ, కేబుల్‌తో పాటు రెండు వైపులా ఉండాలి. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేట్ ఎంతుందో చూస్తే తెలిసిపోతుంది. 43 అంగుళాల 4కే టీవీని మానిటర్‌గా వాడేవాళ్లకు స్కేలింగ్ బెడద దాదాపు లేదు. అంగుళానికి 102 పిక్సెళ్లే కాబట్టి 100 శాతమే సరిపోతుంది. కానీ టీవీలు సినిమా కోసం రంగుల సమాచారాన్ని కుదించి చూపిస్తాయి, దాంతో అక్షరాల అంచులు చెదురుతాయి. ఆ ఇన్‌పుట్‌కు పీసీ మోడ్ పెట్టండి.

మ్యాక్ వాడేవాళ్ల బాధ వేరు, చిన్నది కూడా. 2012లో రెటీనా మ్యాక్‌బుక్ ప్రో తెచ్చినప్పుడు ఆపిల్ శాతాల గొడవ లేకుండా అడ్డానికి రెండు, నిలువుకు రెండు అని తేల్చేసింది. 27 అంగుళాల 4కేని 2560×1440లా కనిపించేట్టు పెడితే లోపల 5120×2880 బొమ్మ గీసి దాన్ని తెరకు కుదిస్తుంది. సాగదీయడం కంటే కుదించడం వేయి రెట్లు మేలు, కాబట్టి చాలామందికి తేడా తెలియదు. లినక్స్‌లో వేలాండ్ సెషన్ ఎంచుకుంటే తెరకో స్కేల్ పెట్టుకోవచ్చు. పాత ఎక్స్11 ప్రోగ్రాములు అక్కడ కాస్త మసకబారతాయి.

ఇంకా కొనని వాళ్లకు నా సలహా నచ్చకపోవచ్చు. మీ సంపాదన పాత బిల్లింగ్, అకౌంటింగ్, డీటీపీ ప్రోగ్రాముల మీద ఆధారపడి ఉంటే 4కే వద్దు. 27 అంగుళాల 2560×1440 తీసుకోండి. అంగుళానికి 109 పిక్సెళ్లు, 100 శాతంలోనే చక్కగా కనిపిస్తుంది, ఇప్పటివరకు చెప్పిన తంటాల్లో ముప్పాతిక వంతు మీ గడప తొక్కవు. రోజంతా చదవడం, రాయడం, కోడింగే పని అయి, ప్రోగ్రాములన్నీ కొత్తవే అయితే 4కే పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు. అంగుళానికి 82 పిక్సెళ్లే, మన ఒత్తులు అందులో జల్లెడలా కనిపిస్తాయి.

షాపులో ఎప్పుడూ జలపాతాల వీడియో చూపిస్తారు. అందులో ఏ తెరైనా అందంగానే ఉంటుంది. ఒక ఎక్సెల్ షీటు, ఒక తెలుగు పేజీ తెరవమని అడగండి. అడిగితే విసుక్కునే షాపు అయితే ఇంకో షాపు చూసుకోండి. వాపసు గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకుని, ఆ గడువు లోపల మీరు వాడే ప్రతి ప్రోగ్రామునూ ఒక్కసారైనా తెరిచి చూడండి, నెలాఖరున మాత్రమే బయటికి తీసే జీతాల సాఫ్ట్‌వేరుతో సహా.